ఒకే తాళంచెవి, ఎనిమిది మంది అన్నదమ్ములు



తలమీద కాళ్ళు మొలిచిన ఈగని ఎప్పుడైనా చూశారా? నేను బొమ్మలో చూశాను. మన సైన్సు మాస్టారు తెచ్చిన పుస్తకంలో పేజీ నిండా అచ్చేశారు. రెండు కళ్ళ మధ్య మీసాలుండాల్సిన చోట రెండు కాళ్ళు వేలాడుతున్నాయి. వంకర టింకర మాంసం ముక్కలు కావవి. కీళ్ళు, నూగు, చివర గోళ్ళు అన్నీ వున్న అచ్చమైన ఈగ కాళ్ళు. ఆ పక్క పేజీలో ఇంకో ఈగ. దానికి నాలుగు రెక్కలు. ఈగకి రెండే రెక్కలని ఆరో తరగతి తమ్ముళ్ళకి కూడా తెలుసు.

ఈ ఈగలు మనకి కొత్తవేం కావు. పనస తొనలు రెండ్రోజులు మూలన పడేస్తే, జీలుగు కల్లు కుండ మూత తీస్తే వచ్చి ముసురుతాయే, ఎర్ర కళ్ళ చిన్న ఈగలు, అవే. శాస్త్రం వాళ్ళు డ్రోసోఫిలా అంటారు. అమెరికాలో మోర్గాన్ అనే ఆయన ప్రయోగశాలలో వీటిని సీసాల్లో పెంచేవారు. అక్కడ కాల్విన్ బ్రిడ్జెస్ అనే పరిశోధకుడికి 1915లో ఒక వింత ఈగ దొరికింది. రెక్కల వెనకాల వుండాల్సిన చిన్న బుడిపె కొంత రెక్కలాగా మారిపోయి వుంది. తరవాత ఎడ్వర్డ్ లూయిస్ అనే ఆయన ఆ వంశాన్నే పట్టుకుని దశాబ్దాల తరబడి పనిచేసి, పూర్తిగా నాలుగు రెక్కల ఈగని పుట్టించాడు. 1995లో ఆయనకి మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇందులో వింత ఎక్కడుందో చూడండి. ఒక జన్యువు చెడిపోతే ఒక అవయవం పాడవ్వాలి కదా. ఇక్కడ ఏదీ పాడవలేదు. మంచి కాలు, మంచి రెక్క, కాకపోతే వేరే చోట వచ్చాయి. అంటే చెడిపోయిన జన్యువు కాలు తయారుచేసేది కాదు. "ఇది తల, ఇక్కడ కాలు వద్దు", "ఇది రొమ్ము, ఇక్కడ రెక్క పెట్టు" అని చెప్పే పెద్దమనిషి లాంటిదన్న మాట.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఒకటే డి.ఎన్.ఏ. వుంటుందని పాఠంలో చదివాం. కంట్లో కణానికీ, గోటి కింద కణానికీ అవే ఇరవై వేల చిల్లర జన్యువులు. ఏ కణంలో ఏ జన్యువు పనిచెయ్యాలి, ఏది మూసుకుని కూర్చోవాలి అన్నదే తేడా. ఆ తెరవడం, మూయడం చేసే ప్రోటీన్లని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. పేరు నోరు తిరగదు కాబట్టి నేను స్విచ్చు ప్రోటీన్లు అంటాను. మనిషిలో ఇవి సుమారు 1,600 వున్నాయి. ఇవి డి.ఎన్.ఏ. మీద తమకి నచ్చిన కొన్ని అక్షరాల వరస ఎక్కడుందో వెతుక్కుని అక్కడ కూర్చుంటాయి. కూర్చుంటే దాని పక్కనున్న జన్యువు మొదలవుతుంది, లేదా ఆగిపోతుంది.

ఇంతవరకూ తేలికే. చిక్కు ఇక్కడినుంచి మొదలు.

ఈగ ఒంటిని తలనుంచి తోకదాకా గదులు గదులుగా విడదీసి, ఏ గది ఏమవ్వాలో చెప్పేవి ఎనిమిది స్విచ్చు ప్రోటీన్లు. వీటి వంశం పేరు హాక్స్. ఒకటి నోటి భాగాల దగ్గర పనిచేస్తుంది, ఒకటి కాళ్ళ దగ్గర, ఒకటి నడుం దగ్గర, ఇంకొకటి తోక దగ్గర. తమాషా ఏమిటంటే, ఈగ క్రోమోజోము మీద కూడా ఇవి దాదాపు అదే వరసలో బారులు తీరి వుంటాయి, మనం ప్రార్థనలో పొట్టి నుంచి పొడుగుకి నిలబడినట్టు. 1983, 84 ప్రాంతంలో స్విట్జర్లాండులో వాల్టర్ గేరింగ్ బృందమూ, అమెరికాలో మాథ్యూ స్కాట్, ఏమీ వైనర్‌లూ విడివిడిగా ఒక సంగతి కనిపెట్టారు. ఈ జన్యువుల్లో 180 అక్షరాల ముక్క ఒకటి దాదాపు ఒకేలా వుంది. ఆ ముక్కనుంచి తయారయ్యే 60 ఎమైనో ఆమ్లాల భాగమే డి.ఎన్.ఏ.ని పట్టుకునేది. దాన్ని తాళంచెవి అనుకోండి.

మన ట్రంకుపెట్టెల సంగతి మీకు చెప్పక్కర్లేదు. సంతలో కొన్న చిన్న తాళాలు. ఒకడి చెవితో ఇంకో నలుగురి పెట్టెలు తెరుచుకుంటాయి, వార్డెన్ సారుకీ తెలుసు. హాక్స్ ప్రోటీన్ల తాళంచెవి సరిగ్గా ఇలాంటిదే. ఒక్కొక్కదాన్నీ విడిగా తీసి పరీక్ష చేస్తే అన్నీ ఇంచుమించు ఒకే వరసని పట్టుకుంటున్నాయి: టి, ఎ, ఎ, టి. నాలుగక్షరాల వరస. డి.ఎన్.ఏ. లో ఇది ఎన్ని లక్షల చోట్ల వుంటుందో లెక్కేసుకోండి. అదే చెవి ఎనిమిది మంది అన్నదమ్ముల చేతుల్లో వుంటే, ఒకడు కాలు పెట్టించి, ఒకడు కాలు ఆపి, ఒకడు రెక్క పెట్టించి, ఇంకొకడు తోక చేయించి, ఎవడి పని వాడు ఎలా చేసుకుపోతున్నాడు? అందరూ అందరి పెట్టెలూ తెరిచేసి గందరగోళం ఎందుకు చెయ్యట్లేదు?

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ ప్రశ్నే. దీనికి ఒక్క జవాబు లేదు, చాలా వున్నాయి. అన్నీ నిజమే.

అసలు ఇంతమంది అన్నదమ్ములు ఎక్కడినుంచి వచ్చారన్నది ముందు చెప్పాలి. కణం డి.ఎన్.ఏ.కి నకలు రాసుకునేటప్పుడు అప్పుడప్పుడూ ఒక ముక్క రెండుసార్లు పడుతుంది, నోట్సు ఎక్కించేటప్పుడు మనం ఒకే పేరా రెండుసార్లు రాసేసినట్టు. అలా ఒక జన్యువుకి రెండో ప్రతి వస్తుంది. పాత పని ఒకటి చూసుకుంటుంటే, రెండోదాంట్లో మార్పులు జరిగినా ప్రాణం మీదికి రాదు. చాలా ప్రతులు చెడిపోయి మూలన పడతాయి. కొన్ని మాత్రం పాత పనినే ఇద్దరూ పంచుకోవడంతో బతుకుతాయి, కొన్ని కొత్త పని పడతాయి. మన వెన్నెముక జంతువుల పూర్వీకుల్లో మొత్తం డి.ఎన్.ఏ. రెండు విడతలుగా రెట్టింపయింది. అందుకే ఈగకి ఎనిమిది హాక్స్ జన్యువులుంటే మనకి 39 వున్నాయి, నాలుగు గుంపులుగా, ఎ, బి, సి, డి అని. ఎ గుంపులో మూడోవాడు, డి గుంపులో మూడోవాడు ఒకే ఇంటి పిల్లలన్న మాట.

ఈ మూడోవాళ్ళ మీద జరిగిన ప్రయోగం నాకు అన్నిటికంటే నచ్చింది. ఎలుకలో ఎ-3 జన్యువు తీసేస్తే మెడలోపలి గ్రంథులు పోతాయి. థైమస్ అసలు రాదు. పిల్ల పుట్టిన కాసేపటికే చనిపోతుంది. డి-3 తీసేస్తే గ్రంథులకి ఏమీ కాదు, మెడలో మొదటి రెండు ఎముకలు వంకరవుతాయి. ఒకరి పని ఒకరికి సంబంధమే లేదు. చూసినవాళ్ళెవరైనా ఇవి రెండూ పూర్తిగా వేరే ప్రోటీన్లు అయిపోయాయనే అంటారు. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో మారియో కపెక్కి బృందం ఇలా కాదని, ఎ-3 ఇంట్లో డి-3 ప్రోటీనుని, డి-3 ఇంట్లో ఎ-3 ప్రోటీనుని కూర్చోబెట్టింది. చుట్టుపక్కల వుండే స్విచ్చులు మాత్రం ముట్టుకోలేదు. ఏమైందనుకున్నారు? ఏమీ కాలేదు! గ్రంథులు వచ్చాయి, మెడ ఎముకలు సరిగా వచ్చాయి. 2000 సంవత్సరంలో ఇది అచ్చయింది.

అంటే ఆ అన్నదమ్ములిద్దరూ కోట్ల ఏళ్ళ తరవాత కూడా ఒకే మనిషిలాగే వున్నారు. మారింది వాళ్ళు కాదు, వాళ్ళని పిలిచే గంట. ఒకడిని మెడ గ్రంథుల కణాల్లో ఎక్కువగా పిలుస్తున్నారు, ఇంకొకడిని ఎముకల కణాల్లో ఎక్కువగా పిలుస్తున్నారు. ఒకే చెవి వున్నా ఎవడు ఏ గదిలో డ్యూటీలో వుంటే ఆ గది పెట్టెలే తెరుస్తాడు. "వాడి గుణం వేరు, వీడి గుణం వేరు" అని మనం అనేసేవాటిలో ఇలాంటివి ఎన్నున్నాయో అని నాకు అనిపించింది. సరే, అది వేరే సంగతి.

అన్ని జంటలూ ఇలాగే వుంటే కథ ఇక్కడితో అయిపోయేది. ఈగలోకి మళ్ళీ రండి. మొదట్లో చెప్పిన తలమీద కాళ్ళ ఈగలో, కాళ్ళ దగ్గర డ్యూటీ చెయ్యాల్సిన ప్రోటీను తలలో పని మొదలుపెట్టింది. దాని పేరు ఆంటెన్నపీడియా. 1990లో ఎలుకలోని ఒక హాక్స్ జన్యువుని ఈగలో పెట్టి ఒళ్ళంతా పనిచేయించినా మీసాల చోట కాళ్ళు వచ్చాయి. (ఎలుక కాళ్ళు కావు, ఈగ కాళ్ళే! "ఇక్కడ కాలు" అని మాత్రమే చెప్పింది కాబట్టి ఈగ తనకి తెలిసిన కాలే చేసుకుంది.) ఎలుకా ఈగా విడిపోయి 50 కోట్ల ఏళ్ళు దాటినా మాట అర్థమవుతోంది. కానీ ఎనిమిది మందిలో అందరూ తలలో కాళ్ళు తెప్పించరు. కాబట్టి మనుషుల్లో కూడా ఏదో తేడా వుంది, డ్యూటీలో మాత్రమే కాదు.

ఆ తేడాలో పెద్దది తోడు. ఈగలో ఎక్స్‌ట్రాడెంటికిల్ అని ఇంకో ప్రోటీను వుంది. దానికీ ఒక తాళంచెవి వుంది. హాక్స్ ప్రోటీను, ఇదీ పక్కపక్కన కలిసి డి.ఎన్.ఏ. మీద కూర్చుంటాయి. మన స్టోర్ రూముకి రెండు తాళాలుండి, ఒక చెవి వార్డెన్ గారి దగ్గర, ఒకటి వంటమాస్టారు దగ్గర వుంటుంది చూశారా, ఇద్దరూ వస్తేనే బియ్యం బస్తా బయటికొస్తుంది, అలా. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మాన్ అనే ఆయనా, ఆయన తోటివాళ్ళూ ఈగ హాక్స్ ప్రోటీన్లు ఎనిమిదింటినీ ఈ తోడుతో కలిపి, అవి ఏ ఏ వరసలని ఇష్టపడతాయో లక్షల ముక్కల మీద పరీక్షించి 2011లో ప్రకటించారు. ఒంటరిగా వున్నప్పుడు ఒకేలా కనిపించిన వాళ్ళు, తోడు చేరగానే వేరువేరు వరసలని కోరుకోవడం మొదలుపెట్టారు. తల వైపు వాళ్ళది ఒక రుచి, నడుం వైపు వాళ్ళది ఒక రుచి. తేడా వాళ్ళలో ముందునుంచీ వుంది. తోడు దొరికేదాకా బయటపడలేదు.

ఎలా బయటపడుతుందో ఒక్క ఉదాహరణ. లాలాజల గ్రంథిని పెట్టించే హాక్స్ ప్రోటీనుకి తాళంచెవి పక్కన తోకలాంటి వదులు ముక్క ఒకటి వుంటుంది. తోడు లేనప్పుడు అది ఊరికే ఊగుతూ వుంటుంది. తోడు వచ్చి పట్టుకోగానే ఆ తోక తిన్నగా అయి డి.ఎన్.ఏ. మెలికలోని సన్నని గాడిలోకి దిగుతుంది. అక్కడ గాడి మామూలుకన్నా ఇరుగ్గా వుంటే ఆ తోకలోని రెండు ఎమైనో ఆమ్లాలు సరిగ్గా ఇముడుతాయి. గాడి వెడల్పు కూడా అక్షరాల వరసని బట్టే వుంటుంది. అంటే ఈ ప్రోటీను అక్షరాలు చదవడమే కాదు, చీకట్లో చేత్తో తడిమి చూసినట్టు డి.ఎన్.ఏ. ఆకారాన్ని కూడా తడుముతోంది. ఆ రెండు ఆమ్లాలు మార్చేస్తే ఆ స్విచ్చు పనిచెయ్యదు.

ఇక్కడ నాకు ఒక సందేహం వచ్చింది, మీకూ వచ్చే వుంటుంది. ఎవరి చెవికి బాగా బిగుతుగా పట్టే తాళం వాళ్ళకి పెడితే సరిపోతుంది కదా? ప్రకృతి అలా చెయ్యలేదు. 2015లో ఈగ ఒంటిమీద నూగు పెట్టించే ఒక జన్యువు స్విచ్చుని విప్పి చూస్తే, అందులో హాక్స్ కూర్చునే చోట్లన్నీ వదులు తాళాలే. చెవి అంతంతమాత్రంగా పడుతుంది. అలాంటివి ఒక్కటి కాదు, పక్కపక్కన కొన్ని వున్నాయి. పరిశోధకులు వాటి అక్షరాలు మార్చి గట్టి తాళాలు చేశారు. వెంటనే వేరే హాక్స్ ప్రోటీన్లు కూడా వచ్చి కూర్చోవడం మొదలెట్టాయి. జన్యువు పని చెయ్యకూడని చోట కూడా పనిచేసింది. గట్టిగా పట్టే తాళం అన్నదమ్ములందరికీ గట్టిగానే పడుతుంది. వదులు తాళమైతే ఒక్కడికే, అదీ తోడుతో వస్తేనే, కాస్త పడుతుంది. ఒకసారి పట్టు జారినా పక్కనే ఇంకో తాళం వుంటుంది. ఈ ఏర్పాటు నాకైతే మహా ముచ్చటేసింది.

ఇంతవరకూ చెప్పినవాటిలో చెవి చెవిగానే వుంది. కొన్నిసార్లు చెవినే ఆకురాయితో రాసేసినట్టు మార్చేస్తుంది ప్రకృతి. ఈగల పూర్వీకుల్లో ఒక హాక్స్ జన్యువు, మనం ఎలుకలో చూసిన మూడోవాడి ఈగ చుట్టం, రెండు ప్రతులయింది. ఒక ప్రతి పేరు జెన్. అది గుడ్డులో పిల్ల చుట్టూ వుండే పొర సంగతి చూస్తుంది. రెండో ప్రతి బైకాయిడ్. ఇది చేసే పని చిన్నదేం కాదు. తల్లి ఈగ గుడ్డు పెట్టేటప్పుడే ఒక కొసన దీని సందేశాన్ని పెట్టేస్తుంది. ఆ కొసే తల అవుతుంది. తల్లికి ఈ జన్యువు లేకపోతే పిల్లకి తలా రొమ్మూ రావు, ముందువైపు కూడా తోక భాగాలే వస్తాయి.

అంత తేడా ఎక్కడినుంచి వచ్చింది? తాళంచెవిలో 60 ఎమైనో ఆమ్లాలున్నాయన్నాను కదా. అందులో యాభయ్యోది హాక్స్ వాళ్ళందరిలో గ్లుటమిన్. బైకాయిడ్‌లో మాత్రం అది లైసిన్. 1989లో రెండు బృందాలు ఆ ఒక్క చోటు మార్చి చూశాయి. అది మారగానే ప్రోటీను వేరే తాళాల దగ్గరికి పోయింది! అరవైలో ఒక్కటి. అయితే, దీన్నిబట్టి ఒక్క మార్పుతోనే జెన్ కాస్తా బైకాయిడ్ అయిపోయిందని అనుకోకూడదు. పాత పూర్వీకుడి చెవి ఎలా వుండేదో లెక్కగట్టి, దాన్ని మళ్ళీ తయారుచేసి ఈగలో పెట్టి చూసినవాళ్ళు, ఈ మార్పుతోపాటు కనీసం ఇంకొకటి కావాలని తేల్చారు. పైగా సందేశాన్ని గుడ్డు కొసన అంటించి పెట్టే ఏర్పాటు విడిగా రావాలి. బైకాయిడ్ అన్నిరకాల ఈగల్లోనూ లేదు. మనకి మలేరియా అంటించే దోమలో లేనే లేదు. దోమ తన తలని వేరే విధంగా ఏర్పాటు చేసుకుంటుంది. అలా అని దోమకి తలకాయ లేదని కాదు, రాత్రిళ్ళు మనకి తెలుస్తూనే వుంది.

చెవి సరే, చెవి పట్టుకునే పిడి సంగతి? ప్రోటీనులో తాళంచెవి ఒక భాగమే. మిగతాది తాళం తీశాక ఏం చెయ్యాలో చెప్పే భాగం: జన్యువుని మొదలెట్టాలా, ఆపాలా అని. పురుగులకి ఆరే కాళ్ళెందుకు, పొట్టకి కాళ్ళెందుకు లేవు అన్నదానికి జవాబులో ఒక ముక్క ఇక్కడ దొరుకుతుంది. ఈగ పొట్ట భాగంలో యుబిఎక్స్ అనే హాక్స్ ప్రోటీను కాళ్ళ జన్యువుని మూసేస్తుంది. ఆర్టీమియా అని ఉప్పునీటిలో బతికే చిన్న రొయ్యజాతి ప్రాణి వుంది. దానికి రొమ్ము పొడుగునా బోలెడు కాళ్ళు. దానిలోనూ యుబిఎక్స్ వుంది. కాళ్ళున్న చోటే వుంది, అయినా కాళ్ళని ఆపట్లేదు. 2002లో రెండు బృందాలు తేల్చిందేమిటంటే, పురుగుల యుబిఎక్స్‌కి చివర ఎలనిన్ అనే ఎమైనో ఆమ్లం ఎక్కువగా వున్న తోక ఒకటి వుంది, అదే కాళ్ళని ఆపడానికి సాయపడుతోంది. రొయ్యజాతి దాంట్లో ఆ చోట వేరే ముక్క వుండి ఆపే శక్తిని అణచిపెడుతుంది. చెవి ఒకటే, తాళమూ ఒకటే. ఒకడు తీసి వెళ్తాడు, ఒకడు మూసి వెళ్తాడు.

ఇదే యుబిఎక్స్ నాలుగు రెక్కల ఈగ కథలో కూడా వుంది. సీతాకోకచిలుకకి, తేనెటీగకి నాలుగు రెక్కలు. ఈగకి, దోమకి వెనక జత రెక్కల చోట పుల్లకి ముద్ద పెట్టినట్టుండే రెండు బుడిపెలుంటాయి. వాటిని హాల్టేర్లంటారు. ఎగిరేటప్పుడు అవి రెక్కలతోపాటు ఊగుతూ ఒళ్ళు ఎటు ఒరుగుతోందో చెబుతాయి. అవి తీసేస్తే ఈగ ఎగరలేక పడిపోతుంది. చూడాలనుంటే, వానాకాలం లైటు దగ్గర పొడుగు కాళ్ళతో దోమలా వుండి కుట్టని ఈగ ఒకటి వాలుతుంది, దాన్ని పట్టుకోండి. భూతద్దం కూడా అక్కర్లేదు. (చూసి వదిలెయ్యండి.) ఈగలో వెనక జతని రెక్క కానివ్వకుండా బుడిపె చేసేది యుబిఎక్స్. అది పోతే నాలుగు రెక్కల ఈగ.

మరి తేనెటీగలో యుబిఎక్స్ లేదా? వుంది. పట్టుపురుగులోనూ వుంది. వెనక రెక్కలోనే వుంది. అయినా అక్కడ రెక్క రెక్కగానే వస్తోంది. ఈ ముడి విప్పే పనిలో మన హైదరాబాదు పేరు కూడా వుంది. సీసీఎంబీలో ఎల్.ఎస్.శశిధర గారి బృందం ఈ హాల్టేర్ మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. ఆయన తరవాత పూణే వెళ్ళాక కూడా ఆ పని సాగింది. ఈగ, తేనెటీగ, పట్టుపురుగు మూడింటిలోనూ యుబిఎక్స్ ఎక్కడెక్కడ కూర్చుంటుందో పోల్చి చూశారు. మూడింటిలోనూ అది కూర్చునే జన్యువులు చాలావరకు ఒకటే. తేడా అంతా ఆ జన్యువుల స్విచ్చుల్లోనే ఎక్కువగా కనపడింది. ఈసారి చెవీ మారలేదు, మనిషీ మారలేదు, తాళాలే కొద్దికొద్దిగా మారాయి. ఒక తాళం మారితే ఒక పెట్టె సంగతే మారుతుంది. చెవి మారితే అన్ని పెట్టెలూ తారుమారవుతాయి. అందుకే తాళాల వైపు మార్పులు ఎక్కువ నిలుస్తాయని శాస్త్రజ్ఞులు అంటారు. నాకూ అది సబబుగానే తోస్తుంది.

ఇదంతా ఈగల గోల, మనకెందుకు అనేవాళ్ళు చెయ్యి ఒకసారి చూసుకోండి. భుజం నుంచి వేళ్ళ కొసదాకా మన చేతిని కూడా ఈ హాక్స్ అన్నదమ్ములే పంచుకున్నారు. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా పదకొండో నంబరు వాళ్ళది. ఎలుకలో ఎ-11, డి-11 రెండూ తీసేస్తే అక్కడి రెండు ఎముకలూ దాదాపు రావు, పై ఎముకా పంజా వస్తాయి. పంజా, వేళ్ళు పదమూడో నంబరు వాళ్ళవి. ఎ-13, డి-13 రెండూ తీసేస్తే వేళ్ళుండవు. ఒక్కటి తీస్తే రెండోది కొంత ఆదుకుంటుంది, పూర్తిగా కాదు. అంటే అన్నదమ్ములు కొంత పని కలిసి చేస్తున్నారు, కొంత పంచుకున్నారు.

మనుషుల్లో కూడా ఇలాంటివి వున్నాయి. డి-13 ప్రోటీనులో తాళంచెవికి దూరంగా, పిడి భాగంలో, 15 ఎలనిన్లు వరసగా వుంటాయి. కొన్ని కుటుంబాల్లో నకలు రాసేటప్పుడు అక్కడ తడబడి ఏడు నుంచి పద్నాలుగు దాకా ఎక్కువ పడ్డాయి. ఆ ప్రోటీను చిక్కుపడి ముద్దలు కట్టి, డి.ఎన్.ఏ. వుండే గదిలోకి సరిగా వెళ్ళలేదు. ఎలనిన్లు ఎక్కువ పడ్డ సంగతి 1996లో తెలిసింది. అలాంటి వాళ్ళకి మూడో వేలూ నాలుగో వేలూ అతుక్కుని వుంటాయి, మధ్యలో ఒక్కోసారి అదనపు వేలు కూడా వుంటుంది. ఎలనిన్లు ఎంత ఎక్కువైతే అంత ఎక్కువగా కనపడుతుంది. తాళంచెవి మాత్రం చెక్కుచెదరలేదు.

నేను ఈ వ్యాసం ఇంత పొడుగు రాయడం వెనక సంగతి ఇప్పుడు చెబుతాను. మన హాస్టల్లో చిన్న తరగతి తమ్ముడు ఒకడికి రెండు వేళ్ళు కలిసి వున్నాయి. వాడు అన్నం తినేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చుంటాడు. కారణం మీకు తెలుసు, వాడికి పెట్టిన పేరు కూడా తెలుసు. వాళ్ళమ్మ గ్రహణం నాడు బయట తిరిగిందని ఒకరన్నారు. ఎవరో తగిలించిన శాపమని ఇంకొకరన్నారు. వాడి వేళ్ళకి కారణం డి-13 అని నేను అనట్లేదు. వేళ్ళు కలవడానికి, ఆరో వేలు రావడానికి చాలా కారణాలున్నాయి. హాక్స్ కాని స్విచ్చు ప్రోటీన్లు కూడా కొన్ని అందులో వున్నాయి. ఏది ఎవరికో డాక్టరు చూసి పరీక్ష చేయించి చెప్పాలి. కానీ గ్రహణం మాత్రం కాదు. చంద్రుడి నీడకి ఎలనిన్లు లెక్కపెట్టడం రాదు. తల్లి చేసిన తప్పూ కాదు. గర్భంలో చేతివేళ్ళు ముందు అందరికీ కలిసే వుంటాయి, రెండో నెలలో మధ్యనున్న కణాలు చచ్చిపోయి వేళ్ళు విడిపోతాయి. వాడికి ఆ విడిపోవడం రెండు వేళ్ళ మధ్య జరగలేదు, అంతే. మనందరివీ ఒకప్పుడు బాతు కాళ్ళలాంటి చేతులే.

వార్డెన్ గారికి ఒక మనవి. ఇలాంటి వేళ్ళని ఆపరేషన్ చేసి విడదీస్తారు. చిన్నప్పుడే చేస్తే వేళ్ళు పెరిగేటప్పుడు వంకర పోవు. ఇప్పుడు వాడి వయసుకి కూడా చెయ్యొచ్చో లేదో ఎముకల డాక్టరు గానీ, ప్లాస్టిక్ సర్జరీ డాక్టరు గానీ ఎక్స్‌రే తీసి చెబుతారు. ఈసారి హెల్తు క్యాంపు వాళ్ళు వచ్చినప్పుడు వాడి పేరు రాయించమని కోరుతున్నాను. వాడు ఒప్పుకుంటేనే. వాడి కుడిచెయ్యి చేతిరాత మనలో చాలామందికంటే బాగుంటుంది. ఈ పత్రిక పైన వున్న పేరు, చుట్టూ అద్దాకుల అంచు బొమ్మ వాడే వేశాడు.

ప్రశ్నలుంటే చీటీ మీద రాసి మెట్ల పక్కనున్న డబ్బాలో వెయ్యండి. పేరు రాయకపోయినా ఫర్వాలేదు.